ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువును ఏ పాలిమరేజ్ చదువుతుందో మీరే తేల్చుకోవడం ఎలా?

లైఫ్ సైన్సెస్ నెట్ పరీక్షకు చదివినవాళ్లకు ఒక వాక్యం నోటికి వచ్చేసి ఉంటుంది: "యూ1, యూ2, యూ4, యూ5 ఆర్‌ఎన్‌ఏలను పాలిమరేజ్ 2 తయారు చేస్తుంది, యూ6ను పాలిమరేజ్ 3 తయారు చేస్తుంది." పాలిమరేజ్ అంటే జన్యువును చదివి ఆర్‌ఎన్‌ఏ తయారు చేసే ఎంజైమ్. వాక్యం సరైనదే. ఎందుకలా అని ఒక్క ప్రశ్న అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. పుస్తకాల్లో ఈ సంగతి పట్టికగా ఉంటుంది కాబట్టి పట్టికగానే గుర్తుండిపోతుంది. నిజానికి జవాబు ఆ జన్యువు మొదలయ్యే చోటుకు ముందున్న 250 డీఎన్‌ఏ అక్షరాల్లో (ఏ, టీ, జీ, సీ) ఉంది. ఒక కంప్యూటర్, ఇంటర్నెట్, కాగితం, రంగు పెన్నులు ఉంటే చాలు, ఒక మధ్యాహ్నంలో కళ్లారా చూసుకోవచ్చు. ఇది బట్టీ పట్టాల్సిన విషయం కాదని నా గట్టి నమ్మకం.

రెండు మాటల్లో నేపథ్యం. కణ కేంద్రకంలో ఉండే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలనే ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏలు అంటారు, స్ప్లైసియోజోమ్ అనే యంత్రానికి ఇవే గుండెకాయ. మన జన్యువుల నుంచి వచ్చే ముడి ఆర్‌ఎన్‌ఏలో ఇంట్రాన్లను, అంటే తీసేయాల్సిన మధ్య ముక్కలను గుర్తించి కత్తిరించేది ఆ యంత్రమే. వీటి జన్యువుల్లో మాత్రం ఇంట్రాన్లు ఉండవు, ఆర్‌ఎన్‌ఏ చివర ఏ అక్షరాల వరుస అయిన పాలీ-ఏ తోక ఉండదు. పొడవు కూడా తక్కువే: యూ1లో 164 అక్షరాలు, యూ6లో వంద పైచిలుకు.

మొదటి పని: రెండు జన్యువుల వరుసలు తెచ్చుకోండి

ఒకటి పాలిమరేజ్ 2 వైపు నుంచి, ఒకటి పాలిమరేజ్ 3 వైపు నుంచి తీసుకుందాం. ఆర్‌ఎన్‌యూ1-1 (యూ1), ఆర్‌ఎన్‌యూ6-1 (యూ6). మొదటిది 1వ క్రోమోజోమ్ మీద, రెండోది 15వ దాని మీద ఉంటాయి. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ తెరిచి, మనిషి జీనోమ్‌లో హెచ్‌జీ38 వెర్షన్ ఎంచుకుని, పేరు టైప్ చేయండి. జన్యువు కనిపించాక పైన ఉన్న వ్యూ మెనూలో డీఎన్‌ఏ అన్న చోట నొక్కితే అక్షరాలు వస్తాయి. రెండు వైపులా 300 అక్షరాలు అదనంగా కావాలని అక్కడే అడగండి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెర మీద బాణం గుర్తులు ఎడమవైపుకి చూస్తుంటే ఆ జన్యువు ఎదురు పోగు మీద ఉన్నట్టు. అప్పుడు రివర్స్ కాంప్లిమెంట్ అన్న గడిలో టిక్ పెట్టాలి. లేకపోతే ప్రమోటర్ (పాలిమరేజ్‌ను పిలిచే ముందు భాగం) అనుకుని జన్యువు తోకను వెతుకుతూ కూర్చుంటారు. ఆర్‌ఎన్‌యూ1-1 అలాంటిదే. సరిగ్గా తెచ్చుకున్నారో లేదో మొదటి అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది. యూ6 "జీ-టీ-జీ-సీ-టీ-సీ-జీ-సీ-టీ-టీ-సీ-జీ-జీ-సీ" అని మొదలవుతుంది. యూ1 "ఏ-టీ-ఏ-సీ-టీ-టీ-ఏ-సీ-సీ-టీ-జీ" అని మొదలవుతుంది. ఇంట్రాన్ మొదలయ్యే చోటుతో జతకట్టేది యూ1లోని ఈ మొదటి ముక్కే.

వరుసను ప్రింట్ తీసుకోండి. తెర మీద లెక్కపెట్టడం కంటే కాగితం మీద వేలు పెట్టి లెక్కపెట్టడం నయం. ఆర్‌ఎన్‌ఏ మొదటి అక్షరం ప్లస్ 1. దానికి ముందున్నది మైనస్ 1. మధ్యలో సున్నా లేదు. పదేసి అక్షరాలకు ఒక గీత పెట్టుకుంటూ మైనస్ 250 దాకా వెనక్కి వెళ్లండి.

రెండో పని: టాటా ఉందా లేదా చూడండి

యూ6 కాగితం మీద మైనస్ 31 నుంచి మైనస్ 24 వరకు ఉన్న ఎనిమిది అక్షరాలు చదవండి: టీ-టీ-టీ-ఏ-టీ-ఏ-టీ-ఏ. టాటా పెట్టె అంటే ఇదే. ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఇప్పుడు యూ1 కాగితం మీద అదే చోటు చూడండి. టాటా లాంటిది ఏమీ కనిపించదు.

పాలిమరేజ్ 2 పేరు వినగానే టాటా పెట్టె గుర్తొచ్చేవాళ్లకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువుల్లో టాటా ఉంటే వచ్చేది పాలిమరేజ్ 3, లేకపోతే వచ్చేది పాలిమరేజ్ 2. టాటాను పట్టుకునే టీబీపీ అనే ప్రోటీన్ రెండు చోట్లా కావాలి. ఒక్క టీబీపీని చూసి ఏ పాలిమరేజో చెప్పలేం.

మూడో పని: రెండింటిలో ఒకేలా ఉన్న ముక్కను పట్టుకోండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. తొందరపడకుండా చేయండి.

యూ6లో మైనస్ 66 నుంచి మైనస్ 48 దాకా ఉన్న 19 అక్షరాలు: సీ-టీ-టీ-ఏ-సీ-సీ-జీ-టీ-ఏ-ఏ-సీ-టీ-టీ-జీ-ఏ-ఏ-ఏ-జీ-టీ. దీన్ని పీఎస్‌ఈ అంటారు, అంటే జన్యువుకు దగ్గరగా ఉండే నియంత్రణ ముక్క. ఇందులో "ఏ-సీ-సీ-జీ-టీ" కింద నీలం గీత గీయండి. తర్వాత ఆరు అక్షరాలు వదిలేసి "ఏ-ఏ-ఏ-జీ" కింద ఇంకో గీత గీయండి.

ఇప్పుడు యూ1 కాగితం తీసుకుని మైనస్ 60 నుంచి మైనస్ 45 మధ్య వెతకండి. అక్కడా "ఏ-సీ-సీ-జీ-టీ" ఉంది. మళ్లీ ఆరు అక్షరాల తర్వాత "ఏ-ఏ-ఏ-జీ" ఉంది. చుట్టూ ఉన్న అక్షరాలు చాలావరకు వేరు, ఈ రెండు గుర్తులు, వాటి మధ్య దూరం మాత్రం అలాగే ఉన్నాయి. వేర్వేరు పాలిమరేజ్‌లు చదివే రెండు జన్యువుల్లో ఒకటే గుర్తు ఉండడానికి కారణం, దాన్ని పట్టుకునే ప్రోటీన్ల గుంపు రెండు చోట్లా ఒకటే కావడం. ఆ గుంపు పేరు స్నాప్‌సీ. అందులో ఐదు ప్రోటీన్లు ఉంటాయి: స్నాప్190, స్నాప్50, స్నాప్45, స్నాప్43, స్నాప్19. వాటిలో పెద్దదైన స్నాప్190లో డీఎన్‌ఏను పట్టుకునే మిబ్ తరహా మడతలు ఉంటాయి.

అంటే కణం ముందు స్నాప్‌సీని కూర్చోబెడుతుంది. ఏ పాలిమరేజ్ అన్న నిర్ణయం అక్కడి నుంచి జరుగుతుంది. పక్కనే సరైన దూరంలో టాటా ఉంటే టీబీపీతో పాటు బీఆర్‌ఎఫ్2, బీడీపీ1 అనే ప్రోటీన్లు చేరి పాలిమరేజ్ 3ను పిలుస్తాయి. టాటా లేకపోతే టీబీపీ చుట్టూ టీఎఫ్‌2ఏ, టీఎఫ్‌2బీ, టీఎఫ్‌2ఈ, టీఎఫ్‌2ఎఫ్ లాంటి ప్రోటీన్లు చేరతాయి, పాలిమరేజ్ 2 వస్తుంది. ఈ దూరం ఎంతో కూడా లెక్కపెట్టి చూడండి. యూ6లో పీఎస్‌ఈకి, టాటాకి మధ్య సరిగ్గా 16 అక్షరాలు ఉంటాయి. ఈ ఎడాన్ని ఇష్టమొచ్చినట్టు మారిస్తే పని దెబ్బతింటుంది.

ఇది కాగితం మీద ఊహ మాత్రమే కాదు. 1989లో లోబో, నూరియా హెర్నాండెజ్ మనిషి యూ2 ప్రమోటర్‌లో కేవలం 7 అక్షరాలు మార్చి టాటా పెట్టారు. పాలిమరేజ్ 2 చదివే ప్రమోటర్ పాలిమరేజ్ 3 ప్రమోటర్‌గా మారిపోయింది. యూ6లో టాటాను చెడగొడితే అది పాలిమరేజ్ 2 వైపు తిరుగుతుంది. ఇంత చిన్న మార్పుతో ఇంత పెద్ద యంత్రాన్ని మార్చేయవచ్చని చూపించిన ఈ ప్రయోగం గురించి పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకు బాధగా ఉంటుంది.

నాలుగో పని: దూరంగా ఉన్న ముక్క కోసం వెళ్లండి

యూ6 కాగితం మీద మైనస్ 221 నుంచి మైనస్ 214 వరకు చదవండి: ఏ-టీ-టీ-టీ-జీ-సీ-ఏ-టీ. ఎనిమిది అక్షరాలు కాబట్టి ఆక్టామర్ అంటారు. దీన్ని ఆక్ట్-1 అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. దానికి కొంచెం ముందు జెడ్‌ఎన్‌ఎఫ్143 అనే ఇంకో ప్రోటీన్ కూర్చునే చోటు ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి డీఎస్‌ఈ అంటారు, అంటే జన్యువుకు దూరంగా ఉండే నియంత్రణ ముక్క. వేరే జన్యువుల్లో ఆక్టామర్ తిరగేసి ఉండొచ్చు, అప్పుడు "ఏ-టీ-జీ-సీ-ఏ-ఏ-ఏ-టీ" అని కనిపిస్తుంది. ఒకటీ అరా అక్షరం తేడా కూడా ఉండొచ్చు. సరిగ్గా అలాగే లేదని టెన్షన్ పడకండి, మైనస్ 200 నుంచి 250 వరకు ఓపిగ్గా చూడండి.

ఇప్పుడు ఆక్టామర్ చివరి అక్షరానికి, పీఎస్‌ఈ మొదటి అక్షరానికి మధ్య ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మైనస్ 213 నుంచి మైనస్ 67 దాకా 147. న్యూక్లియోజోమ్ గురించి చదివినవాళ్లకు ఈ అంకె చూడగానే వెలుగుతుంది. న్యూక్లియోజోమ్‌లో కండె చుట్టూ దారంలా హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకునే డీఎన్‌ఏ పొడవు కూడా దాదాపు 147 అక్షరాలే. యూ6 ప్రమోటర్ మీద సరిగ్గా ఈ మధ్య భాగంలో ఒక న్యూక్లియోజోమ్ కూర్చుంటుందని, దానివల్ల దూరంగా ఉన్న ఆక్ట్-1 స్నాప్‌సీకి పక్కకు వస్తుందని 2001లో హెర్నాండెజ్ బృందమే చూపించింది. పక్కకు వచ్చాక ఆక్ట్-1 స్నాప్190ని తాకి, స్నాప్‌సీ పీఎస్‌ఈ మీద గట్టిగా కూర్చోవడానికి సాయపడుతుంది. న్యూక్లియోజోమ్ అంటే జన్యువును మూసేసే అడ్డు అని నేర్చుకున్న మనకు, అది రెండు ప్రోటీన్లను కలిపే పని చేయడం ఇక్కడ కనిపిస్తుంది.

ఐదో పని: జన్యువు ఎక్కడ ఆగుతుందో చూడండి

యూ6ది తేలిక. జన్యువు చివర "సీ-సీ-ఏ-టీ-ఏ" తర్వాత వరుసగా ఐదు టీలు ఉంటాయి. పాలిమరేజ్ 3కి నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ టీలు వరుసగా వస్తే ఆగమని గుర్తు. వేరే ప్రోటీన్ వచ్చి కత్తిరించే పని లేదు.

యూ1 చివర అలాంటి టీల వరుస కనపడదు. ఆర్‌ఎన్‌ఏ ముగిసిన చోటు నుంచి పది అక్షరాలు ముందుకు వెళ్లి చదవండి: జీ-టీ-టీ-టీ-సీ-ఏ-ఏ-ఏ-ఏ-ఏ-సీ-ఏ-జీ-ఏ. ఇదే త్రీ ప్రైమ్ బాక్స్ (త్రీ ప్రైమ్ అంటే ఆర్‌ఎన్‌ఏ తోక వైపు కొస). పాలిమరేజ్ 2 చదివే ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువులకు ఇలాంటిది ఆర్‌ఎన్‌ఏ చివరి నుంచి 9 నుంచి 19 అక్షరాల దూరంలో ఉంటుంది. దీని సాయంతో ఆర్‌ఎన్‌ఏను కోసేది ఇంటిగ్రేటర్ అనే పెద్ద ప్రోటీన్ల గుంపు. దాన్ని 2005లో రమీన్ షీఖత్తర్ బృందం గుర్తించింది. కత్తి పని చేసేది అందులోని ఐఎన్‌టీఎస్11. మామూలు ఎంఆర్‌ఎన్‌ఏల తోకను కోసే సీపీఎస్‌ఎఫ్73కి ఇది దగ్గరి చుట్టం.

ఇక్కడ తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. త్రీ ప్రైమ్ బాక్స్‌ను తీసుకెళ్లి మామూలు ఎంఆర్‌ఎన్‌ఏ జన్యువు చివర పెడితే పని చేయదు. మొదలు కూడా ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏ ప్రమోటరే అయి ఉండాలి. 1986లోనే హెర్నాండెజ్, ఆలన్ వైనర్ దీన్ని యూ1తో చూపించారు. అంటే ముగింపు ఎలా ఉండాలో ప్రమోటర్ దగ్గరే ఖాయమవుతుంది. ఆ సమాచారం ముందుకు చేరే దారుల్లో ఒకటి పాలిమరేజ్ 2 తోక. మనిషిలో ఆ తోకలో ఏడేసి అమైనో ఆమ్లాల ముక్క 52 సార్లు వస్తుంది. అందులో ఏడో స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ చేరితేనే ఇంటిగ్రేటర్ సరిగ్గా వచ్చి కూర్చుంటుందని 2007లో ఆక్స్‌ఫర్డ్‌లోని షోనా మర్ఫీ బృందం తేల్చింది.

దీని తర్వాత రెండు ఆర్‌ఎన్‌ఏల జీవితాలు కూడా వేరు. యూ1 లాంటివి మొదటి కొసన రసాయన టోపీ పెట్టుకుని సైటోప్లాజమ్‌కు వెళ్తాయి, అక్కడ ఎస్‌ఎంఎన్ అనే ప్రోటీన్ల గుంపు వాటికి ఎస్‌ఎం ప్రోటీన్ల ఉంగరం తొడుగుతుంది, టోపీకి ఇంకా రెండు మిథైల్ గుంపులు చేరాక తిరిగి కేంద్రకంలోకి వస్తాయి. యూ6 కేంద్రకంలోనే ఉండిపోతుంది. దాని టోపీ కూడా వేరే రకం. మొదటి ఫాస్ఫేట్ మీద ఒకే ఒక మిథైల్ గుంపు ఉంటుందని 1989లో హ్యూస్టన్‌లోని బేలర్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్ నుంచి సింగ్, రెడ్డి ప్రకటించారు.

నకళ్లను ఏరివేయడం

యూ6 వరుసను యూసీఎస్‌సీలోని బ్లాట్ అనే వెతికే సాధనంలో వేసి చూస్తే జీనోమ్ అంతటా వందల చోట్ల కనిపిస్తుంది. అన్నీ జన్యువులే అనుకుని కంగారు పడొద్దు. ఎక్కువ భాగం ఆర్‌ఎన్‌ఏ నుంచి తిరిగి డీఎన్‌ఏగా మారి ఎక్కడో అతుక్కుపోయిన నకళ్లు. టీఆర్‌ఎన్‌ఏ జన్యువుల ప్రమోటర్ జన్యువు లోపలే ఉంటుంది, కాబట్టి నకలుతో పాటు అదీ వెళ్తుంది. యూ6 ప్రమోటర్ అంతా జన్యువు బయట ఉంది. ఆర్‌ఎన్‌ఏ నకలులో అది రాదు, నకలు మూగగా మిగిలిపోతుంది.

అందుకే ఏ కాపీ పని చేస్తుందో తెలియాలంటే జన్యువు లోపల కాదు, ముందు భాగంలో చూడండి. మైనస్ 30 దగ్గర టాటా, దానికి 16 అక్షరాల ముందు పీఎస్‌ఈ, మైనస్ 220 ప్రాంతంలో ఆక్టామర్ ఉన్నాయా అని చూడండి. మూడూ కుదిరినవి చాలా కొద్దిగా తేలతాయి. 2003లో గ్యారీ కంకెల్ ప్రయోగశాల పరీక్షించినప్పుడు పని చేసే ప్రమోటర్ ఉన్న పూర్తి పొడవు యూ6 జన్యువులు ఐదు దొరికాయి.

ల్యాబ్ అందుబాటులో ఉంటే రుజువు చేసుకోండి

కాగితం మీద తేలిన జవాబును పరీక్షించడానికి పాత పద్ధతి ఆల్ఫా అమానిటిన్. ఇది డెత్ క్యాప్ అనే పుట్టగొడుగులోని విషం. మనిషి కణాల నుంచి తీసిన కేంద్రక సారంలో మిల్లీలీటరుకు 1 నుంచి 2 మైక్రోగ్రాములు వేస్తే పాలిమరేజ్ 2 ఆగిపోతుంది. పాలిమరేజ్ 3 ఆగాలంటే 200 మైక్రోగ్రాముల స్థాయి కావాలి. రెండు మోతాదుల్లోనూ వేసి, ఏ మోతాదులో మీ ఆర్‌ఎన్‌ఏ తయారీ ఆగిందో చూడాలి. చాలా ప్రమాదకరమైన విషం కాబట్టి అనుభవం ఉన్నవారి పక్కన, పూర్తి రక్షణతోనే పని చేయండి.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. కణానికి మందు పెట్టి, మొత్తం ఆర్‌ఎన్‌ఏ తీసి, యూ1 ఎంత ఉందో కొలిస్తే ఏమీ తగ్గినట్టు కనపడదు. ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏలు చాలా కాలం చెడకుండా ఉంటాయి. పాత నిల్వే మీకు కనిపిస్తుంది. కొత్తగా పుడుతున్న ఆర్‌ఎన్‌ఏను మాత్రమే కొలవాలి: న్యూక్లియర్ రన్-ఆన్ గానీ, ప్రో-సీక్ లాంటి పద్ధతి గానీ వాడండి. ఇంటిగ్రేటర్ పని తీరు చూడాలంటే త్రీ ప్రైమ్ బాక్స్ దాటాక ప్రైమర్ పెట్టండి. ఐఎన్‌టీఎస్11 తగ్గించిన కణాల్లో కోత పడని పొడవాటి ఆర్‌ఎన్‌ఏ అక్కడ పేరుకుంటుంది. పాలీ-ఏ తోకతో ఏరిన ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటాలో ఎస్‌ఎన్‌ఆర్‌ఎన్‌ఏలు దాదాపు కనిపించవని కూడా గుర్తుంచుకోండి, వీటికి ఆ తోకే లేదు.

ఏ ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుందో చెప్పే చిప్-సీక్ డేటా చూస్తుంటే స్నాప్‌సీ గానీ టీబీపీ గానీ మీకు తేడా చెప్పవు. బీఆర్‌ఎఫ్2 ఉందేమో చూడండి, ఉంటే పాలిమరేజ్ 3 జన్యువే. పాలిమరేజ్ 2 సిగ్నల్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, పని చేస్తున్న యూ6 జన్యువుల దగ్గర్లో కూడా అది కనిపిస్తుంది. ఇంకో ఇబ్బంది, ఒకేలా ఉన్న కాపీలు చాలా ఉండడం వల్ల లోపలి రీడ్స్ (యంత్రం చదివిన చిన్న ముక్కలు) ఎక్కడివో తేలవు. ఇరువైపులా ఉన్న ప్రత్యేకమైన వరుసల మీద పడ్డ రీడ్స్‌నే నమ్మండి.

క్రిస్పర్ చేసేవాళ్లకు

జన్యువులో ఎక్కడ కోయాలో క్రిస్పర్‌కు చూపే గైడ్ ఆర్‌ఎన్‌ఏను తయారు చేసే ప్లాస్మిడ్లలో చాలావాటిలో ఉన్నది మీరు ఇప్పుడు గుర్తులు పెట్టిన ఈ యూ6 ప్రమోటరే. మ్యాప్ తెరిచి చూస్తే ఆక్టామర్, పీఎస్‌ఈ, టాటా అన్నీ అదే వరుసలో కనిపిస్తాయి. ఈ ప్రమోటర్ జీతో మొదలుపెట్టడానికి ఇష్టపడుతుంది, అందుకే మీ గైడ్ జీతో మొదలవకపోతే ముందు ఒక జీ చేర్చమంటారు. గైడ్ మధ్యలో నాలుగు టీలు వరుసగా ఉంటే పాలిమరేజ్ 3 అక్కడే ఆగిపోవచ్చు, అలాంటి గైడ్‌ను పక్కన పెట్టండి. గైడ్ తర్వాత వచ్చే మామూలు స్కాఫోల్డ్ (అన్ని గైడ్లకూ ఒకేలా ఉండే భాగం) కూడా "జీ-టీ-టీ-టీ-టీ-ఏ" అని మొదలవుతుంది. అక్కడ కొంత ఆర్‌ఎన్‌ఏ మధ్యలోనే ఆగిపోతుందని, ఒక టీని మార్చి దాని జత అక్షరాన్ని కూడా మార్చిన స్కాఫోల్డ్‌లు వాడుకలోకి వచ్చాయి. మీ గైడ్ సరిగ్గా పని చేయకపోతే ఇది ప్రయత్నించదగ్గ మార్పు.

తర్వాత ఏ జన్యువులు తీసుకోవాలి?

ఆర్‌ఎన్‌7ఎస్‌కే తీసుకోండి, అది పాలిమరేజ్ 3 వైపుది. ఆ తర్వాత 12వ క్రోమోజోమ్ మీదున్న ఆర్‌ఎన్‌యూ4-2. ఈ జన్యువులో 18 అక్షరాల చిన్న చోట కొత్తగా వచ్చే మార్పులు పిల్లల్లో ఎదుగుదల సమస్యలకు తరచుగా కారణమవుతున్నాయని 2024లో తేలింది. దానికి రెన్యూ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ప్రోటీన్ తయారు చేయని జన్యువు కావడంతో ఎక్సోమ్ పరీక్షల్లో ఇది కంటపడలేదు, పూర్తి జీనోమ్ చదివినప్పుడే దొరికింది. చివరగా 11వ క్రోమోజోమ్ మీదున్న ఆర్‌ఎన్‌యూ2-2. దీన్ని ఎన్నో ఏళ్లు పనికిరాని నకలుగా లెక్కేసి పేరు చివర నకలు గుర్తుగా పీ అన్న అక్షరం కూడా తగిలించారు. 2025లో దీనిలోని మార్పులు కూడా అలాంటి ఎదుగుదల సమస్యలకే కారణమని బయటపడింది. దాని ముందు 250 అక్షరాలు, వెనక 30 అక్షరాలు తెచ్చుకుని, టాటా లేకపోవడం, పీఎస్‌ఈ, ఆక్టామర్, త్రీ ప్రైమ్ బాక్స్ ఒక్కొక్కటిగా గుర్తు పెట్టి చూడండి.